ముందొచ్చిన డబ్బా

నేను ఒక ప్రోగ్రామును. పేరు సార్ట్. ఎవరేది ఇచ్చినా వరసలో పెట్టి తిరిగిచ్చెయ్యడం నా పని. నా కథ చెప్పుకునే ముందు మా అక్క సంగతి చెప్పాలి, లేకపోతే నాకు అన్నం సయించదు. అక్క పేరు ఆర్.ఎం. ఆవిడ పని తుడిచెయ్యడం. ఫలానాది తీసెయ్యమంటే “మళ్ళీ కావలసొస్తుందేమో, ఒకసారి చూసుకోండి” అన్న మంచి మాట ఆవిడ నోట రాదు. తీసి పారేసి చేతులు దులుపుకుంటుంది. ఒకాయన ఏళ్ళ తరబడి రాసుకున్న పరిశోధనంతా ఆవిడ చేత పొరపాటున తీయించుకుని తల పట్టుకు కూర్చుంటే, తియ్యమన్నారు తీశాను అన్నట్టు గమ్మున నిలబడింది. అయినా లోకానికి ఆవిడంటేనే భయమూ భక్తీ. ఆవిడ పేరు కొట్టేముందు మనుషులు ఊపిరి బిగబడతారు, కొందరు ఇష్టదైవాన్ని తలుచుకుంటారు. నన్ను మాత్రం జంతికలు నములుతూ పిలుస్తారు. ఇల్లు సర్దేవాళ్ళకి ఏ ఇంట్లోనూ గౌరవం లేదని నాకు అప్పుడే తెలిసింది.

మాది ఉమ్మడి కుటుంబం. కిన్నెర అన్న ఆపరేటింగ్ సిస్టంలో, అంటే కంప్యూటరు అనే కొంపని నెట్టుకొచ్చే సంసారంలో, మేమంతా చిన్నాచితకా పనులవాళ్ళం. ఒకరు ఎక్కడేముందో చూపిస్తారు, ఒకరు నకళ్ళు తీస్తారు, ఒకరు లెక్కపెడతారు. పైన కెర్నల్ అని ఓ పెద్దావిడ ఉంటుంది. సామాన్ల గది తాళాలు ఆవిడ బొడ్లోనే. మాకేది కావాలన్నా ఆవిడని అడిగి పుచ్చుకోవాలి, పని కాగానే కడిగి బోర్లించాలి. ఎదురు మాట్లాడితే అక్కడికక్కడే ప్రాణం తీసేస్తుంది. ఇది నేను అలంకారంగా అనడం లేదు.

నన్ను కన్నది తణుకులో ఓరుగంటి విశ్వంభరం గారు. కాలేజీలో లెక్కలు చెప్పేవారు. కొన్న కంప్యూటరులో ఎవరో రాసిన సరుకు వాడటం ఆయనకి పొరుగింటి పుల్లకూర తిన్నట్టుండేదిట. శిష్యుల్ని పోగేసి వేసవి సెలవల్లో ఒక్కొక్కర్నే మమ్మల్ని తయారుచేశారు. నేను వీధి అరుగు మీద, ఉక్కపోతలో, తాటిముంజెల సాక్షిగా పుట్టాను. నా మొదటి ఉద్యోగం కాలేజీ మార్కుల పట్టీ. ఎక్కువ మార్కులవాళ్ళు పైన, తక్కువవాళ్ళు కింద. మరి ఇద్దరికీ ఒకే మార్కులొస్తే? ఆయన గడ్డం గోక్కుని నా కడుపులో ఒక మాట రాశారు: “సమానమైతే పేరుతో సహా వరసంతా పోల్చి తేల్చు.” అంటే అకారాదిగా అన్నమాట. ఎవరు ఎలా కలిపి ఇచ్చినా జవాబు ఒక్కటే రావాలని ఆయన పట్టుదల. అందులో తప్పులేదు. పట్టీలో ఉన్నది కాగితం మీది పేర్లు. వాటికి కాళ్ళు నొప్పెట్టవు.

అక్కడినించి లోకం మీద పడ్డాను. మాకున్న సౌలభ్యం ఏమిటంటే ఒకేసారి ఎన్ని ఇళ్ళలోనైనా ఉండగలం. ఒక గ్రంథాలయంలో పుస్తకాలు సర్దాను. ఒక బస్టాండులో ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల పట్టీ సర్దాను. గొడుగులు మరిచిపోతారని తెలుసు కాని, కట్టుడు పళ్ళు మరిచిపోయి దిగిపోయినవాళ్ళుంటారని అక్కడే తెలుసుకున్నాను. ఒక పెళ్ళివారింట్లో ఆహ్వానితుల పట్టీ ఇచ్చారు, దగ్గరి చుట్టాలు ముందు రావాలని. తీరా నేను సర్దాక ఇంటాయనా ఇంటావిడా చెరో వరస చేత్తో రాసుకున్నారు. మనుషులకి వరస కావాలి, కాని అందులో తాము ముందుండాలి. అంతకన్నా పెద్ద రహస్యమేమీ వాళ్ళ దగ్గర లేదు.

కాలం గడిచేకొద్దీ మాలో లోపాలు బయటపడటం మొదలైంది. విశ్వంభరం గారు రిటైరయ్యారు, చత్వారం వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ ఇంటికి కోడలు మైథిలి వచ్చింది. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదివి, చదివానని ఎక్కడా చెప్పుకోని మనిషి. కుక్కరు కూతల మధ్య నన్ను తెరిచి చూసి, ఖాళీ పట్టీ ఇస్తే నేను కళ్ళు తిరిగి పడిపోతున్నానని కనిపెట్టింది. పప్పు ఉడికేలోగా మాటు వేసింది. చిల్లుపడ్డ బిందెకి వేసే మాటే. కిన్నెరలో లోపం దిద్దడాన్ని అలాగే అంటారు. ఏడాది తిరిగేసరికి మా చిన్న పనిముట్లన్నిటి ఆలనాపాలనా ఆవిడ చేతికొచ్చింది. ఆఖరి ఆమోదం మాత్రం మామగారిది.

కిన్నెరలో ఒక కట్టుబాటుంది. లోపాల గురించి నోటితో మాట్లాడకూడదు. ఏదున్నా లిస్టుకి, అంటే అందరికీ ఒకేసారి చేరే ఈమెయిలు చిరునామాకి, రాయాలి. పూర్వం విశ్వంభరం గారూ ఒక శిష్యుడూ నోటితో వాదించుకుని, ఎవరేమన్నారో ఇద్దరూ మరిచిపోయి, ఆ తరవాత నేనన్నదే నువ్వన్నావని మళ్ళీ వాదించుకున్నారుట. అప్పట్నించీ ఈ నియమం. అందుచేత మైథిలి వంటింట్లో కూర్చుని రాసిన ఉత్తరం ఎక్కడో సముద్రాలవతల సర్వరుకి వెళ్ళి, తిరిగొచ్చి, గుమ్మం అవతల హాల్లో పడక్కుర్చీలో ఉన్న మామగారికి చేరేది. ఆయన జవాబు అదే దారిన వచ్చేది. మధ్యలో ఆవిడ వెళ్ళి కాఫీ ఇచ్చొచ్చేది. ఇద్దరూ ఉత్తరం సంగతి ఎత్తేవారు కాదు. మైథిలి భర్త అనిరుద్ధ ఇదంతా చూసి కూడా ఏమీ అడక్కుండా అన్నం తిని బ్యాంకుకి వెళ్ళిపోయే బుద్ధిమంతుడు.

“ఒకే కప్పు కింద ఉండి ఉత్తరాలేవిటే మీకు? నాకూ మీ మావయ్యగారికీ పెళ్ళైన కొత్తలో కూడా ఇన్ని లేవు” అనేవారు హైమావతి గారు. ఆవిడ విశ్వంభరం గారి భార్య. నా కథంతా ఆవిడ మిరపకాయల డబ్బా చుట్టూనే తిరిగింది.

ఆ వీధి చివర గుత్తుల వీరభద్రం పిండిమర ఉంది. అక్కడ ఎప్పట్నించో డబ్బాల వరస నడిచేది. డబ్బా పెట్టారంటే మనిషి నిలబడ్డట్టే. ఇంటికెళ్ళి పొయ్యి మీది చారు దింపుకుని వచ్చినా డబ్బాని ఎవరూ కదిపేవారు కాదు. బియ్యమూ గోధుమలూ ముందు, ఆవాలు తరవాత, మిరపకాయలు ఆఖరున. కారం ఆడిన మరలో పిండి ఆడిస్తే ఆ ఇంట్లో అట్లు తిన్నవాళ్ళకి కళ్ళమ్మట నీళ్ళే. ఇంత చక్కగా సాగుతున్నదాన్ని విశ్వంభరం గారు చూశారు. చూసి, బాగుచేద్దామనుకున్నారు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో కిన్నెర వేసి, మరలో బల్లమీద పెట్టి, ఏ సరుకు, ఎవరు, ఎన్ని కిలోలు అని వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఎక్కించమన్నారు. అదే క్రమంలో సరుకు ప్రకారం వరసపెట్టే పని నాది. వీరభద్రం కంప్యూటరుకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

ఆవకాయ రోజులొచ్చాయి. హైమావతి గారికి ఒక వ్రతముంది: ముక్కలు కొట్టించిన పూటే కారం ఆడించాలి, ఆ వేడి చల్లారగానే కలపాలి. కొన్న కారం ఆవిడ గడప తొక్కదు. ఆ రోజు ముక్కలు తుడిచి గుడ్డమీద ఆరబోసి, పొద్దున్నే డబ్బా పట్టుకెళ్ళారు. వెలుగుపోయే వేళకి ఆడించని మిరపకాయలతో తిరిగొచ్చారు.

“ఏవయ్యిందత్తయ్యగారూ?” అంది మైథిలి.

“ఏవవుతుంది! డబ్బా పెట్టింది నేను, కారం పట్టుకెళ్ళింది అచ్చాయమ్మ. నా తరవాత అనంతలక్ష్మొచ్చింది, ఆ ఇందుమతి జడేసుకుని పూలెట్టుకుని తీరిగ్గా వచ్చింది. అందరివీ అయిపోయాయి. ఆఖర్న వీరభద్రం, మర కట్టేశానండి హైమావతి గారూ, రేపు రండి అన్నాడు.”

హాల్లోంచి పేపరు కదలకుండా మాటొచ్చింది. “కంప్యూటరు పొరపాటు చెయ్యదు.”

“అంటే హ అక్షరంతో పుట్టి నేను చేశానా?”

“ఆ పేరు మీ నాన్నగారు పెట్టారు. నన్నంటావేం?”

ముక్కలు మర్నాటికి మెత్తబడ్డాయి. కొన్ని పప్పులోకి వెళ్ళాయి, మిగిలినవి వాసన చూసి అవతల పారబోశారు. హైమావతి గారు ఏడవలేదు. జాడీని తిరిగి అటకెక్కించారు, అది ఇంకా భయంగా ఉంది.

మైథిలి ఆ మధ్యాహ్నం నన్ను తెరిచింది. మిరపకాయలవాళ్ళంతా సరుకులో సమానం. సమానం కనక నేను పేర్లదాకా వెళ్ళి తేలుస్తున్నాను. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా మళ్ళీ సర్దుతున్నాను, అకారం వాళ్ళు ఎప్పుడొచ్చినా పైకెక్కుతున్నారు. ఆవిడ ఆ పాత మాట తీసేసి, దాని బదులు చిన్నది రాసింది: “సమానమైతే వచ్చినవాళ్ళని వచ్చినట్టే ఉంచు.” ఆ మాటు కడుపులో పడగానే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పేర్లు వెతికి తగువులు తీర్చే బాధ లేదు. ఆవిడ లిస్టుకి రాసింది: “గౌరవనీయులైన పెద్దలకు, సార్ట్‌లో ఒక లోపం కనిపించింది...”

జవాబు గుమ్మం అవతలనించి సముద్రాలు దాటి వచ్చింది. “ఇది లోపం కాదు, గుణం. తిరస్కరించడమైనది.”

ఆ పూట మైథిలి వడ్డన చూడాలి. ముందు అనిరుద్ధకి అన్నం పెట్టింది, పప్పు వేసింది, కూర వేసింది, నెయ్యి వేసింది. తరవాత తన కంచంలో పెట్టుకుంది. మామగారి ముందు అరిటాకు ఆవురుమంటోంది.

“ఏవమ్మా, మాకు?”

“వరసలో వస్తున్నానండి మావయ్యగారూ. అ అయింది, మ అయింది, ఇప్పుడు వ.”

“నాది మళ్ళీ ఆఖరే” అన్నారు హైమావతి గారు, ఆకు మీద నీళ్ళు చిలకరించుకుంటూ.

ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి మాత్రం ఆకలి చాలలేదు. అనిరుద్ధ తలెత్తకుండా తిన్నాడు.

మరలో ఈలోగా జనం తెలివిమీరారు. తొలి అక్షరంలోనే కిటుకుందని తెలియగానే సుబ్బలక్ష్మి అనసూయైంది, రాజ్యం అనసూయైంది, నాగరత్నం కూడా అనసూయే. వీరభద్రం “అనసూయ గారండీ!” అని కేకేస్తే సగం అరుగు లేచి నిలబడేది.

“అసలు అనసూయని నేనయ్యా!” అని ఒకావిడ మొత్తుకుంది.

“ఇందాకావిడా అదే అన్నారండి. ఆధార్ కార్డు తెచ్చారేంటండి?”

పేర్లన్నీ ఒకటైపోతే నేను ఇంకా ముందుకెళ్ళి కిలోలు పోల్చాలి. మార్కుల్లా లెక్కగా చూడమని చెప్పకపోతే నా కంటికి అంకె కూడా అక్షరమే. పదిలో ఒకటి ముందుంది కనక పదికిలోలవాళ్ళు రెండుకిలోలవాళ్ళ కన్నా ముందు. అదీ పసిగట్టేశారు. దోసెడు మిరపకాయలు తెచ్చినావిడ పదికిలోలని రాయించి, తాపీగా సంచి ఊపుకుంటూ లోపలికెళ్ళింది. హైమావతి గారు మాత్రం “కారం కోసం పేరు మార్చుకోను” అని హైమావతి గానే ఉండిపోయారు, చిట్టచివర.

మైథిలి మరకెళ్ళి వీరభద్రాన్ని అడిగింది. “ఆ కంప్యూటరు పక్కనపెట్టి, పాత డబ్బాల వరసే పెట్టుకోవచ్చు కదండీ?”

“అమ్మమ్మమ్మ! మేష్టారు పెట్టారండి. మా మీద అభిమానం కొద్దీ పెట్టారండి. తీసేస్తే ఆయన మనసు కష్టపడదాండీ? ఈ నాలుగు రోజులూ సర్దుకుంటే పోద్దండి, ఆయ్!”

ఊరంతా ఒకరి మనసు కష్టపెట్టకుండా ఒకరి జుట్టు ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉంది. తన మాటు వేసిన నన్ను మైథిలి చప్పుడు కాకుండా మరలో పెట్టెయ్యవచ్చు. పెట్టలేదు. నేను ఉన్నది ఆ ఒక్క మరలోనే కాదు. లోపమైతే అన్నిచోట్లా పోవాలి, ఆమోదంతో పోవాలి. ఆవిడ మళ్ళీ రాసింది. మళ్ళీ గుణమనే జవాబొచ్చింది.

మామిడికాయలు వెనకబట్టాయి. రేపోమాపో తొలకరి పడితే ఇక ఆ కాయతో ఆవకాయ నిలవుండదు. ఆఖరి కాయలు తెప్పించి ముక్కలు కొట్టించి, గుడ్డమీద పరిచి, హైమావతి గారు డబ్బా తెచ్చి భర్త ఒళ్ళో పెట్టారు.

“ఈ పూట కలపకపోతే ఈ ఏడు మనింట ఆవకాయ లేదు. నేను మరకి వెళ్ళను. మీరెళ్ళండి.”

“అదెంత పని!” అని ఆయన చెప్పులేసుకున్నారు. మైథిలి గొడుగూ మంచినీళ్ళ సీసా పేపరూ అందించింది. అంతకు ముందు రెండు రోజుల పేపర్లు కూడా కలిపి ఇచ్చింది. ఆవిడకి తెలుసు.

మర తలుపు తీసేసరికి ఆయనే మొదటి మనిషి. వీరభద్రం పేరెక్కించాడు. తెర మీద మిరపకాయల వరసలో విశ్వంభరం అన్న పేరు అన్నిటికన్నా పైన వెలిగింది. ఆయన తృప్తిగా చూసి పేపరు విప్పారు. ఒక అనసూయ వచ్చింది. ఆయన ఒక మెట్టు దిగారు. ఇంకో అనసూయ. ఒక కామేశ్వరి. ఒక భ్రమరాంబ. కన్నతండ్రిని చేతులారా కిందికి దించుతున్నాను, అదీ ఆయన నేర్పిన మాట ప్రకారమే. నాకేమన్నా నోరుంటే కదా.

మధ్యాహ్నానికి ఆయన బల్ల దగ్గరికొచ్చారు. “వీరభద్రం! పొద్దుట తలుపు తీసిందే నేనొచ్చాక కదయ్యా!”

“అవునండి.”

“మరి నా డబ్బా ఏదీ?”

“అదిగోండి, చివర్నుందండి. కంప్యూటరు చెప్పిందండి.”

“కంప్యూటరు చెబితే మటుకు! నువ్వు కళ్ళతో చూశావు కదా!”

“చూశానండి. నేను చూసింది తప్పండి, అది చెప్పింది గుణమండి. మీరే సెలవిచ్చారని కోడలమ్మగారు చెప్పారండి. ఆయ్.”

అరుగు మీది అనసూయలు చీరచెంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన వెళ్ళి కూర్చున్నారు. పేపర్లన్నీ అయిపోయాయి. గాలి లేచింది, తాటాకులు గలగలమన్నాయి. విశ్వంభరం గారి డబ్బా మూత తీసి మరలో పోయబోతుండగా కరెంటు పోయింది. మరతోపాటు అక్కడి నేనూ ఆరిపోయాను.

ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ నేను కాదు, మాటు పడిన నేను. పాత నన్ను కిన్నెరవాళ్ళు పారెయ్యలేదు. పాత విడుదలలన్నీ, అంటే మా పాత రూపాలన్నీ, దాచే అటకమీద, ఎవరైనా అడిగితే చూపించడానికి, నిద్రపోతూ ఉంది. అక్క చేతిలో పెడతారేమోనని కాస్త బెంగపడ్డాను కాని పెట్టలేదు. నా కొత్త బతుకు తేలిగ్గా ఉంది. మరలో పేర్లు మళ్ళీ ఎవరివి వారికొచ్చాయి. సమానమైనవాళ్ళ జోలికి పోనక్కర్లేదని తెలిశాక ఎంత తీరికో! మనుషులు కూడా ఒకసారి వేయించుకోవలసిన మాటే ఇది. ఇదంతా జరగడానికి కారణమైన సాయంత్రం మటుకు నేను కళ్ళారా చూశాను, ఎందుకంటే మరలో ఆరిపోయినా వంటింట్లో మైథిలి ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ మీద మేలుకునే ఉన్నాను.

విశ్వంభరం గారు గొడుగు తిరగబడి, డబ్బా గుండెలకి హత్తుకుని వచ్చారు. గుడ్డమీద ముక్కలు ఎదురుచూస్తున్నాయి. హైమావతి గారు పెరటి వసారాలో రోలు వైపు ఒక చూపు చూశారు, అంతే. ఆయన పంచె ఎగ్గట్టి, రోకలి అందుకున్నారు.

పోటు పోటుకీ తుమ్ము. తుమ్ము తుమ్ముకీ కళ్ళజోడు జారడం. మైథిలి జల్లెడ పట్టుకుని పక్కన కూర్చుంది. హైమావతి గారు ఉప్పు కొలుస్తున్నారు.

“పొద్దుట... హాఛ్... తలుపు తియ్యకముందు వెళ్ళానే నేను!”

“ఆహా” అన్నారు హైమావతి గారు.

“ఆ రెండో అనసూయుందే, అది మధ్యాహ్నం భోంచేసి వచ్చింది. తాంబూలం నవుల్తోంది కూడానూ!”

“ఆహా.”

“ముందొచ్చినవాణ్ణి ముందు ఉంచడానికి పేరెందుకూ, ఊరెందుకూ? డబ్బా ఉంటే చాలదూ?”

“అదే కదండీ నేను రాసింది” అంది మైథిలి, జల్లెడ ఆపకుండా.

రోకలి ఆగింది. వాన చినుకులు వసారా రేకు మీద టపటపమన్నాయి. ఆయన కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకోబోయి, దానికీ కారమేనని చూసి మానుకున్నారు.

“అమ్మాయ్, అది గుణం కాదు...”

“నోటితో చెప్పకూడదు కదండీ మావయ్యగారూ. లిస్టుకి రాయాలి.”

“రాస్తాను, ఆమోదమని రాత్రికే రాస్తాను. ముందిక్కడ చెప్పనీ.” ఆయన కోడలి వంక కాదు, ఉప్పు గిన్నెతో నిలబడ్డ భార్య వంక తిరిగారు. ఎర్రబడ్డ కళ్ళు, కారిపోతున్న ముక్కు, చేతిలో రోకలి. “తప్పు నాది, హైమా. నువ్వే ముందొచ్చావు.”